అనుమానం వచ్చినా అడగలేకపోయాడు

ప్రశ్న: నమస్తే. మాది వరంగల్. ఏనుమాముల మార్కెట్లో మా మామగారి కాలం నుంచి అడ్తి దుకాణం ఉంది, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెడతాం. మిర్చి, పత్తి. మా ఆయన పోయినప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను. గుమాస్తా, అకౌంట్లు రాసే అమ్మాయి, ఇంకో ముగ్గురు పనిచేస్తారు. గుమాస్తా అన్న ఇరవై ఏళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. పోయిన నెల నేను కోల్డ్ స్టోరేజీకి వెళ్లిన పూట ఆయనకు కొత్త నంబర్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. ఫొటో నాది, పేరు నాది. ‘బ్యాంకు మేనేజర్‌తో మీటింగ్‌లో ఉన్నాను, కాల్ చేయొద్దు, ఈ ఖాతాకు 4,80,000 వెంటనే పంపు’ అని ఇంగ్లీషులో ఉంది. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది, ఓటీపీ వచ్చే ఫోన్ దుకాణంలోనే ఉంటుంది. ఆర్‌టీజీఎస్ కొట్టేశాడు. నేను ఆయనకు ఎప్పుడూ ఇంగ్లీషులో రాయను, వాయిస్ మెసేజ్ పెడతాను. ‘అనుమానం వచ్చిందమ్మా, కాల్ చేయొద్దన్నారని ఊరుకున్నా’ అన్నాడు. మోసమని ఆయనకు ఆ సాయంత్రమే అర్థమైందట, నాకు మాత్రం మర్నాడు మధ్యాహ్నం చెప్పాడు. అప్పుడు బ్యాంకుకు పోయాం, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. ఇప్పటిదాకా ఏమీ రాలేదు. మా మరిది ఆయన్ని తీసేయమంటున్నాడు, లేదంటే జీతంలో నెలనెలా కోయమంటున్నాడు. కంప్యూటర్లు చూసే అతను ఫైర్‌వాల్, యాంటీవైరస్ అన్నీ కలిపి లక్షన్నరకు కొటేషన్ ఇచ్చాడు. నిజం చెప్పాలంటే, పోయిన సీజన్‌లో ఒక పేమెంటు గురించి పదే పదే ఫోన్ చేశాడని నలుగురి ముందు ఆయన మీద కోప్పడ్డాను. ఇప్పుడు అది గుర్తొస్తే మనసు పాడవుతోంది. మాలాంటి చిన్న దుకాణం మీద వీళ్ల కన్ను ఎందుకు పడింది? నేనేం చేయాలి?
— ఒక వ్యాపారి, వరంగల్

సమాధానం:

అమ్మా, ముందు డబ్బు సంగతి. అందులో మీరు చేయాల్సిన పని ఇంకా మిగిలి ఉంది.

1930కి ఫోన్ చేశాక మీ ఫోన్‌కు ఒక అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చి ఉండాలి. దాన్ని వెతికి పెట్టుకోండి. చాలామంది ఫోన్‌లో చెప్పేసి పని అయిపోయిందనుకుంటారు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపరు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ ఆర్‌టీజీఎస్ యూటీఆర్ నంబర్ (ఆ పేమెంటుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్), డబ్బు వెళ్లిన ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకుని వరంగల్ సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌కు స్వయంగా వెళ్లండి. గుమాస్తా ఫోన్‌లోంచి ఆ చాట్ ఎవరూ తీసేయకుండా చూడండి. చూస్తేనే బాధగా ఉందని డిలీట్ చేసేవాళ్లు ఉంటారు. అసలు సాక్ష్యం అదే.

ఆ డబ్బు ఎటు పోయి ఉంటుందో కూడా చెబుతాను, అప్పుడు స్టేషన్‌లో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. మీరు పంపిన ఖాతా చాలావరకు దొంగది కాదు. కమీషన్‌కు ఆశపడి ఏ విద్యార్థో, ఏ నిరుద్యోగో అప్పగించిన ఖాతా అయి ఉంటుంది. అక్కడ పడ్డ సొమ్మును నిమిషాల్లో విడగొట్టి వేరే ఖాతాలకు, అక్కడి నుంచి ఇంకొన్నిటికి పంపిస్తారు. కొంత ఏటీఎంలో తీస్తారు, కొంత క్రిప్టోలోకి మారుస్తారు. 1930కి వచ్చిన ఫిర్యాదు ఆ దారి వెంటే వెళ్లి, ఏ బ్యాంకులో ఎంత మిగిలి ఉంటే అంత ఆపించే ప్రయత్నం చేస్తుంది. మొదటి గంటను పోలీసులు గోల్డెన్ అవర్ అనేది అందుకే. మీకు ఒక రోజు దాటింది కాబట్టి మొత్తం వస్తుందని ఆశ పెట్టలేను. కానీ దారిలో ఎక్కడో ఒక ఖాతాలో కొంతైనా ఆగి ఉండొచ్చు. ‘మా ఫిర్యాదు మీద ఎక్కడైనా హోల్డ్ పడిందా, ఎంత పడింది’ అని సూటిగా అడగండి. అలా ఆగిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ పని మీద శ్రద్ధ పెట్టింది. దరఖాస్తు ఎప్పుడు, ఎలా పెట్టాలో స్టేషన్‌లోనే చెబుతారు.

బ్యాంకు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన రూల్ ఒకటి ఉంది. ఖాతాదారుకు తెలియకుండా, ఆయన తప్పు లేకుండా, బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పని దినాల్లో చెబితే నష్టం ఖాతాదారు మీద పడదు. మీ విషయంలో డబ్బు పంపింది మీ మనిషే, మీ పాస్‌వర్డ్‌తో, మీ ఓటీపీతో. బ్యాంకు లెక్కలో ఇది మీరు చేసిన పేమెంటే.

ఇంకొకటి. ‘మీ డబ్బు మేం రికవరీ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ ఇక మీకు ఫోన్లు రావచ్చు. లాయర్ అంటారు, సైబర్ ఆఫీసర్ అంటారు. మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. పోలీసులు గానీ, కోర్టు గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి యూపీఐలో ఫీజు అడగరు.

ఇక ‘మాలాంటి చిన్న దుకాణం’ అన్న మాట దగ్గరికి వద్దాం. వాళ్లు దుకాణం పెద్దదా చిన్నదా అని చూడరు. డబ్బు తొందరగా కదిలే చోటు, అడ్డు చెప్పే మనుషులు తక్కువగా ఉండే చోటు చూస్తారు. మిర్చి సీజన్‌లో ఏనుమాములలో పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిన దగ్గర్నుంచి కాంటాలు, తక్‌పట్టీలు (తూకం, ధర రాసిచ్చే చీటీలు), రైతులకు చెల్లింపులు, ఖరీదుదారుల నుంచి రావాల్సినవి, లారీ కిరాయిలు, హమాలీ కూలీలు అన్నీ ఆ కొన్ని గంటల్లోనే తేలాలి. ఆ ఒత్తిడిలో నాలుగు లక్షల ఎనభై వేలు ఎవరికీ పెద్ద మొత్తంలా అనిపించదు. పెద్ద కంపెనీలో ఆ చెల్లింపు ముగ్గురి చేతులు దాటాలి. మీ దగ్గర ఒక్కరి చేతిలోనే అయిపోయింది. వాళ్లకు కావాల్సింది అదే.

మీ గురించి వాళ్లకెలా తెలిసింది? ఇందుకు హ్యాకింగ్ కూడా అక్కర్లేదు. మీ వాట్సాప్ ఫొటో అందరికీ కనిపించేలా ఉంటే ఎవరైనా తీసుకోవచ్చు. దుకాణం పేరు, నంబర్ గూగుల్ మ్యాప్స్‌లో ఉంటాయి. ఓనర్ పేరు జీఎస్టీ పోర్టల్‌లో ఎవరు వెతికినా కనిపిస్తుంది. గుమాస్తా నంబర్ మీ బిల్లు పుస్తకం మీదే అచ్చయి ఉండొచ్చు. అయినా ఒక్కసారి మీ ఫోన్లలో వాట్సాప్ ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా అందులో ఉంటే, మీ మాటలన్నీ ఎవరో చదువుతున్నట్టు. వెంటనే లాగౌట్ చేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా మార్చండి.

ఇవతల మీరు ఒంటరిగా ఉన్నా, అవతల ఉన్నది ఒక్క దొంగ కాదు. ఉద్యోగాలని చెప్పి కంబోడియా, మయన్మార్ లాంటి దేశాలకు తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో కూర్చోబెట్టి రోజంతా మనుషుల్ని మోసం చేయించే ముఠాలు ఉన్నాయి. అలా చిక్కుకుని తిరిగొచ్చిన వాళ్లలో మన తెలంగాణ కుర్రాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు రాసిచ్చిన స్క్రిప్టులు ఉంటాయి. ‘మీటింగ్‌లో ఉన్నాను, కాల్ చేయొద్దు’ అన్నది ఆ స్క్రిప్టులోని మాటే. మనిషిని ఆలోచించనివ్వకుండా, ఎవరినీ అడగనివ్వకుండా ఆపే మాట అది. మీ గుమాస్తా తెలివితక్కువవాడు కాబట్టి పడిపోయాడని దయచేసి అనుకోకండి.

పైగా ఆయనకు అనుమానం వచ్చింది. అమ్మగారు ఇంగ్లీషులో రాయరు, వాయిస్ పెడతారు, ఇదేదో తేడాగా ఉంది అని గుర్తుపట్టాడు. ఏ యాంటీవైరస్ చేయలేని పని అది. గుర్తుపట్టి కూడా ఎందుకు ఆగిపోయాడు? అడిగితే ఏమవుతుందో పోయిన సీజన్‌లో ఆయన చూశాడు కాబట్టి. ఇది మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. ఉత్తరంలో మీరే రాశారు, రాయడానికి ధైర్యం కావాలి. మన దుకాణాల్లో ఇది మీ ఒక్కరి సంగతీ కాదు. సేట్ చెబితే చేయాలి, ఎదురు ప్రశ్న వేస్తే నమ్మకం లేనట్టు, రెండుసార్లు అడిగితే పని రానట్టు అన్నది మార్కెట్ అంతటా ఉన్న అలవాటే. ఆ అలవాటే దొంగకు దారి ఇచ్చింది. మీ పేరు పెట్టుకున్నవాడికి మీకు దొరికే విధేయతే దొరికింది.

భయం ఇక్కడ రెండుసార్లు దెబ్బ తీసింది. పంపే ముందు అడగకుండా ఆపింది. మోసమని తెలిశాక చెప్పకుండా ఆపింది. సాయంత్రం తెలిసిన సంగతి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన లోపలే దాచుకున్నాడంటే, ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదు. ఆ గంటల్లోనే మీ డబ్బు చేతులు మారిపోయింది. ఇప్పుడు ఆయన్ని తీసేస్తే, లేదా జీతంలో కోస్తే, మిగతా నలుగురు నేర్చుకునేది ఒక్కటే: ఇలాంటిది జరిగితే అమ్మగారికి చెప్పకూడదు. ఈసారి అకౌంట్ల అమ్మాయి ఏదైనా లింక్ నొక్కిందనుకోండి, మీకు తెలిసేది వారం తర్వాతే. మీ మరిది కోపం నాకు అర్థమవుతుంది, ఇంటి డబ్బు పోయింది. కానీ ఆ కోత వల్ల తిరిగొచ్చే కొన్ని వేల కన్నా, దాని వల్ల దాగిపోయే తర్వాతి సంగతి చాలా ఖరీదు.

ఆయనతో మీరు మాట్లాడాలి. ఒంటరిగా కాదు, కోప్పడిన చోటే, ఆ నలుగురి ముందే. ‘నీకు అనుమానం రావడం సరైనదే. అడగడానికి భయపడేలా చేసింది నా కోపం. ఇక నుంచి డబ్బు విషయంలో నన్ను ఆపి అడగడం నీ డ్యూటీ’ అని చెప్పండి. ఇరవై ఏళ్లు మీ గల్లా పెట్టె చూసిన మనిషికి ఆ మాట దక్కాలి. సైబర్ సెక్యూరిటీ గురించి మీ దుకాణంలో జరగాల్సిన మొదటి పాఠం కూడా అదే.

మాట ఒక్కటే సరిపోదు, దాన్ని రూల్‌గా పెట్టాలి. కాంటా దగ్గర చూడండి. రైతు ‘ఇంకోసారి తూచు’ అంటే తూకం వేసే దడ్వాయి అవమానంగా తీసుకోడు, మళ్లీ పెడతాడు. డబ్బు పంపే దగ్గర కూడా అలాగే ఉండాలి. కొత్త ఖాతాకు పంపమన్నా, పాత పార్టీయే ఖాతా నంబర్ మారిందన్నా, పంపే ముందు పాత నంబర్‌కు ఫోన్ చేసి నోటితో కనుక్కోవాలి. మెసేజ్ వచ్చిన నంబర్‌కు చేయకూడదు, మీ ఖాతా పుస్తకంలో ముందే రాసి ఉన్న నంబర్‌కు చేయాలి. అడిగింది మీరైనా, మీ మరిదైనా, ఏళ్లుగా సరుకు కొంటున్న పార్టీ అయినా ఇందులో మినహాయింపు లేదు. వాయిస్ మెసేజ్ వచ్చినా సరే, ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్‌తో తయారుచేస్తున్నారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు పెళ్లిలో ఉన్నా, గుడిలో ఉన్నా ఎత్తాలి, విసుక్కోకూడదు. ఎత్తలేకపోతే పేమెంటు ఆగాలి. ఆలస్యమైతే పార్టీ రెండు మాటలంటుంది, పడొచ్చు. ఈ రూల్‌ను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గల్లా మీద అంటించండి. అర్జెంటు అన్న మెసేజ్ ఎంత గట్టిగా ఒత్తిడి పెడితే, ఆ ఫోన్ అంత తప్పనిసరి.

ఇక బ్యాంకులో చేయించాల్సిన పని. ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ ఫోన్ మూడూ ఒక్కరి దగ్గరే ఉండటం ఆయనకూ ప్రమాదమే. కరెంటు ఖాతాలకు ఇచ్చే నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు పేమెంటు తయారుచేస్తే ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు ఉంటుంది. బ్యాంకువాళ్లు మేకర్, చెకర్ అంటారు. గుమాస్తా మేకర్, మీరు చెకర్. ఆయన ఎంత తొందరపడ్డా మీ ఫోన్‌లో మీరు చూసి నొక్కితే తప్ప డబ్బు కదలదు. రోజువారీ పరిమితిని సీజన్‌లో ఒకలా, మిగతా నెలల్లో తక్కువగా పెట్టించండి. మీకు రోజుకు రెండు లక్షలు చాలే కాలంలో ఇరవై లక్షల లిమిట్ ఎందుకు?

ఇంకో సదుపాయం చాలామందికి తెలియదు. ఆర్‌టీజీఎస్, ఎన్‌ఈఎఫ్‌టీల్లో డబ్బు ఖాతా నంబర్‌ను బట్టి పడుతుంది, మీరు రాసిన పేరును బట్టి కాదు. మీరు పేరు ఏది టైప్ చేసినా అది వెళ్లి ఆ నంబర్‌లోనే పడేది. అందుకే ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టగానే అసలు ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నాటికి తేవాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మీ బ్యాంకులో అది ఎక్కడ ఉందో అడిగి, మీ ఇద్దరూ నేర్చుకోండి. మిర్చి పార్టీకి పంపుతున్న డబ్బు ఎదుట ఎక్కడో వేరే రాష్ట్రంలోని తెలియని మనిషి పేరు కనిపిస్తే, అక్కడే ఆగిపోవచ్చు.

లక్షన్నర కొటేషన్ గురించి నా అభిప్రాయం: ఇప్పుడే వద్దు. మీకు వచ్చిన మెసేజ్‌లో వైరస్ లేదు. అది మామూలు వాట్సాప్ మాట, ఫైర్‌వాల్ ఆపేది కాదు. మీ కంప్యూటర్లకు రక్షణ అక్కర్లేదని నేను అనడం లేదు, ఏది ముందు అన్నది చెబుతున్నాను. అకౌంట్లు రాసే కంప్యూటర్‌లో ఒరిజినల్ విండోస్ ఉందా, అప్‌డేట్లు వస్తున్నాయా చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంకా దాని మీదే నడుస్తుంటే మార్చాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే తీసేయండి. ఉచితంగా వచ్చిందనుకున్న దానితో పాటే దొంగ ప్రోగ్రామ్ వస్తుంటుంది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీని బాగుచేసే అతను ఇంటి నుంచే చూడటానికి పెట్టుకున్న ఎనీడెస్క్ లాంటి యాప్ ఎప్పుడూ తెరిచే ఉంటే, మీ దుకాణానికి వెనక తలుపు తీసి ఉన్నట్టే. పని ఉన్నప్పుడు తెరవాలి, అయ్యాక మూసేయాలి. అందరికీ ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటర్‌కు అంటించిన చీటీ మీద ఉంటే ఈరోజే మార్చండి.

అప్‌డేట్లను తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానంటే, 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు చిక్కారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద అలాంటి దాడే జరిగితే, అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద పని నడపాల్సి వచ్చింది. మీ ట్యాలీ డేటా ఒకరోజు పొద్దున తెరుచుకోకపోతే ఏ రైతుకు ఎంత ఇవ్వాలో, ఏ ఖరీదుదారు ఎంత బాకీనో ఎలా తేలుస్తారు? ఫైర్‌వాల్ కన్నా ముందు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు కొనండి. రోజూ ఒకదానిలో బ్యాకప్ తీసి, తీయగానే వైరు పీకేయండి, ఎందుకంటే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తాళం వేస్తుంది. రెండోది వారానికోసారి నింపి ఇంట్లో పెట్టుకోండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను తెరిచి నిజంగా పనిచేస్తోందో చూడాలి. చాలామంది బ్యాకప్ ఖాళీదని తెలుసుకునేది అవసరం పడిన రోజే.

డబ్బు ఉన్నవాళ్లు యంత్రాలు కొంటే బయటపడతారనుకుంటే, 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి గుర్తుచేసుకోవాలి. అక్కడ 12 కోట్లకు పైగా పోయింది. దొంగలు లోపలికి వచ్చిన దారి సిబ్బందికి పంపిన ఈమెయిళ్లని పోలీసులు చెప్పారు. ఎవరో ఒక ఉద్యోగి ఒక మెయిల్ తెరిచాడు, అక్కడి నుంచి మొదలైంది. భద్రత విషయంలో లోపాలకు ఆ బ్యాంకుకు రిజర్వ్ బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా వేసింది. అది బ్యాంకు, మీది అడ్తి దుకాణం. దారి మాత్రం రెండింటికీ ఒకటే, పనిచేసే మనిషి చేతిలోని ఫోనూ, కంప్యూటరూ.

అందుకే మీ ఐదుగురికీ చెప్పడం మీద ఖర్చు పెట్టమంటాను, అందులో డబ్బు కన్నా మీ సమయమే ఎక్కువ పోతుంది. క్లాసు పెట్టి పాఠం చెప్పొద్దు. మార్కెట్ లేని రోజు అందరూ కూర్చుని, ఒక్కొక్కరి ఫోన్‌కు వచ్చిన అనుమానపు మెసేజ్‌లు తెరిచి చూపించుకోండి. ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటాయి. పెళ్లి పిలుపు అని వచ్చిన ఏపీకే ఫైల్, ట్రాఫిక్ చలాన్ అని వచ్చిన లింక్, కరెంటు కట్ చేస్తామన్న మెసేజ్, కేవైసీ అయిపోయిందన్న ఫోన్. ఏపీకే అంటే ఫొటో కాదు, ఫోన్‌లోకి వచ్చే యాప్ అని, అది ఎక్కితే ఓటీపీలు కూడా చదవగలదని ఆ రోజు తెలిస్తే చాలు. కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడికి డబ్బు పడినట్టు చూపించే నకిలీ స్క్రీన్‌షాట్ సంగతి, క్యూఆర్ స్టిక్కర్ మీద వేరే స్టిక్కర్ అంటించే సంగతి చెప్పండి. పొద్దున దుకాణం తెరవగానే మీ క్యూఆర్‌కు ఒక్క రూపాయి పంపి ఎవరి పేరు వస్తోందో చూసుకోవడం అలవాటు చేయండి. హమాలీలను కూడా పిలవండి. వాళ్ల కూలీ డబ్బులు పడేది కూడా ఫోన్‌లోనే, వాళ్లు పోగొట్టుకుంటే అది నెల కష్టం.

రెండు మూడు నెలలకోసారి మీరే వేరే నంబర్ నుంచి ‘అర్జెంటుగా పంపు’ అని మెసేజ్ పెట్టి చూడండి. ఫోన్ చేసి అడిగినవాళ్లను అందరి ముందు మెచ్చుకోండి, చేతిలో ఏదైనా పెట్టండి. పడిపోయినవాళ్లతో మాత్రం పక్కకు పిలిచి మాట్లాడండి. ఇది వాళ్లను పట్టుకోవడానికి కాదని వాళ్లకు తెలియాలి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. మీ దుకాణంలో రైతుల ఆధార్ జిరాక్సులు, పట్టాదారు పాస్‌బుక్ కాపీలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఎన్ని ఉన్నాయి? గుమాస్తా వాట్సాప్‌లో ఎన్ని ఫొటోలుగా పడి ఉన్నాయి? పోయిన డబ్బు మీది కాబట్టి మీరు బాధపడుతున్నారు, ఆ కాగితాలు బయటికి పోతే నష్టపోయేది ములుగు నుంచో, నర్సంపేట నుంచో మిమ్మల్ని నమ్మి బస్తాలు తెచ్చిన మనిషి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి వివరాలను జాగ్రత్తగా ఉంచే బాధ్యతను వాటిని తీసుకున్నవాళ్ల మీద పెట్టింది, తగిన రక్షణ లేకపోతే గరిష్ఠంగా 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అంత పెద్ద శిక్ష చిన్న దుకాణం మీద పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పని అయిపోయిన ఆధార్ ఫొటోలు ఫోన్లలోంచి తీసేయండి, కొత్తగా తీసుకునేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, కాగితాలను బీరువాలో తాళం వేసి పెట్టండి. రైతు మీ దుకాణానికి వచ్చేది ధర ఒక్కటే చూసి కాదు కదా.

మీ మరిది గురించి చివరగా. ఆయన్ని పక్కన పెట్టొద్దు. ఇంటి డబ్బు గురించి అంత పట్టింపు ఉన్న మనిషి ఈ పనికి పనికొస్తాడు. మీరు ఊళ్లో లేనప్పుడు పేమెంటు ఆమోదించే రెండో చెకర్‌గా ఆయన్ని పెట్టండి. అప్పుడు ఆయనకూ ఆ రూలే వర్తిస్తుంది, గుమాస్తా ఫోన్ చేసి అడిగితే ఆయనా జవాబు చెప్పాలి. మీ దుకాణం ఒకరి పేరు మీదే నడుస్తుంటే ఆయనకు ఆమోదించే అధికారం ఇస్తూ ఒక ఆథరైజేషన్ లెటర్ కావాలి, పార్ట్‌నర్‌షిప్ అయితే పార్ట్‌నర్ల సంతకాలు కావాలి. ఇద్దరి పాన్, ఆధార్, దుకాణం జీఎస్టీ సర్టిఫికెట్, స్టాంపు తీసుకుని ఇద్దరూ కలిసే బ్యాంకుకు వెళ్లండి. గుమాస్తాను కూడా వెంట తీసుకెళ్లండి, మేకర్ ఐడీ ఆయన పేరు మీదే తీసుకోవాలి.